చింతగింజలతో జింకల లెక్క



ఒక పుష్యమాసపు ఉదయం ఆళ్లగడ్డలో నేను తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలో ఒక అబ్బాయి బల్లమీద తల వాల్చి నిద్రపోతున్నాడు. లేపి అడిగితే కళ్లు నులుముకుంటూ, "రాత్రంతా చేన్లో కాపలా సార్. పందులు పడతాండాయి" అన్నాడు. వాళ్లది నల్లమల అంచున వున్న పల్లె. మొక్కజొన్న కంకి పాలు పట్టిందంటే చాలు, అడవిపందుల గుంపు దిగుతుంది. ఒక్క రాత్రి నిద్రపోతే ఎకరం నేల పొర్లాడిన గుంట అవుతుంది.

పక్కనున్న అబ్బాయి ఊరుకోలేదు. "మా మేనమామోళ్ల ఊర్లో పందులు కాదు సార్, జింకలు. పప్పుశనగ మొలకల్ని కత్తెరతో గొరిగినట్ల తినిపోతాయి. కొడితే జైలంట" అన్నాడు. ఆ మేనమామ ఊరు మిడ్తూరు వైపు, నంద్యాలకు వాయవ్యంగా వుంది.

అప్పుడు ముందు వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి కారణం. "అమెరికాలో ఎల్క్ అనే జంతువులను వేరే చోటినుంచి తెచ్చి పెంచి, బాగా పెరిగినాక అయిదుగురికి మాత్రం పర్మిట్ ఇచ్చి వేటాడనిచ్చినారంట సార్. మనం గూడా అట్ల లెక్కగా కొన్నిటిని వేటాడనిస్తే చేలు బాగుపడవా?"

మంచి ప్రశ్న. "తప్పు, జీవహింస" అని నోరు మూయించడం సులువు. "అవును, కాల్చేస్తే సరి" అనడమూ సులువే. రెండూ సైన్సు కావు. గంట కొట్టేశారు కనుక ఆ రోజు నేను తప్పించుకున్నాను. మరునాడు ఒక దోసెడు చింతగింజలు, ఒక దోసెడు గులకరాళ్లు తీసుకుని తరగతికి వెళ్లాను. ఆ పాఠమే ఇప్పుడు మీకూ చెబుతాను.

ముందు ఆ ఎల్క్ సంగతి చూద్దాం. ఎల్క్ అంటే మన నల్లమలలో తిరిగే కణితికి దగ్గరి చుట్టం. అయితే చాలా పెద్దది. మగది మూడు వందల కిలోల బరువు దాటుతుంది. దాని కొమ్ములు చెట్టు కొమ్మల్లా చీలి వుంటాయి, ప్రతి సంవత్సరం రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. అమెరికా తూర్పు భాగంలో ఒకప్పుడు ఇవి విస్తారంగా వుండేవి. వేటాడి, అడవులు నరికి, పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి ఆ ప్రాంతంలో ఒక్కటి కూడా లేకుండా చేశారు. తర్వాత తప్పు తెలుసుకుని, పడమటి రాష్ట్రాలలో మిగిలినవాటిని పట్టి తెచ్చి వదలడం మొదలుపెట్టారు. కెంటకీ రాష్ట్రంలో 1997 నుంచి 2002 దాకా పదిహేను వందలకు పైగా వదిలారు. ఎక్కడ వదిలారో తెలుసా? బొగ్గు కోసం తవ్వి, పని అయిపోయాక గడ్డి చల్లి వదిలేసిన కొండలమీద. అక్కడ అవి బాగా పెరిగాయి. కెంటకీనుంచి మరికొన్ని రాష్ట్రాలు పట్టుకుపోయాయి. మిజౌరీ రాష్ట్రం 2011-2013 మధ్య నూరుకు పైగా తెచ్చుకుంది. వాటికి తొమ్మిదేళ్లు ఎవరూ హాని చేయకుండా చూసి, 2020లో మొదటిసారి వేటకు అనుమతించింది. ఎన్ని పర్మిట్లు? అయిదు. అడిగినవాళ్లు ఎందరు? పందొమ్మిది వేలకు పైగా! చీటీలు తీసి అయిదుగురికి ఇచ్చారు. ఆ అయిదింటిలో ఒకటి ఆ ప్రాంతంలో భూమి వున్న రైతుకే ఇవ్వాలని నియమం. టెనసీ రాష్ట్రం కూడా 2009లో ఇట్లాగే అయిదు పర్మిట్లతోనే మొదలుపెట్టింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మిజౌరీలో ఇచ్చిన ఆ మొదటి అయిదు పర్మిట్లూ కొమ్ములున్న మగవాటికే. ఇది ముఖ్యం, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

మన సంగతి ఏమిటి? మిడ్తూరు మండలంలో రోళ్లపాడు అనే వూరు వుంది. ఆ వూరి పక్కనున్న గడ్డిబీడును 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. అరణ్యం అన్నామే గాని అక్కడ చెట్ల గుంపు కనిపించదు. మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడ తుమ్మ. అభయారణ్యం అనగానే పులిని ఊహించుకునేవాళ్లు అక్కడికి పోయి నిరాశపడతారు. దాన్ని కాపాడింది జింకల కోసం కూడా కాదు, బట్టమేక పిట్ట కోసం. మీటరు ఎత్తు వుండే ఆ పెద్ద పక్షి గడ్డినేలలో గుడ్డు పెడుతుంది. అభయారణ్యం వైశాల్యం 614 హెక్టార్లు, అంటే ఇంచుమించు పదిహేను వందల ఎకరాలు. పశువుల మేతను ఆపి గడ్డిని కాపాడారు. తమాషా ఏమిటంటే, బట్టమేక నానాటికీ తగ్గిపోయింది, దాని కోసం కాచిన గడ్డిలో కృష్ణజింక పెరిగింది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం శాస్త్రజ్ఞులు అక్కడ సంవత్సరాల తరబడి పరిశోధించి, పెరిగిన జింకలు చేలమీద పడడం వల్ల చుట్టుపక్కల రైతులకు అభయారణ్యం మీదనే కోపం వచ్చిందని గుర్తించారు.

కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. మగదాన్ని ఇర్రి అంటాం, ఆడదాన్ని లేడి అంటాం. ఇర్రి వయసొచ్చాక పైభాగమంతా నల్లబడుతుంది, మెలి తిరిగిన కొమ్ములు వుంటాయి. లేడి లేత గోధుమరంగులో వుంటుంది, సాధారణంగా కొమ్ములు వుండవు. ఎల్క్ కొమ్ముల మాదిరిగా వీటి కొమ్ములు రాలవు. ఆవు కొమ్ముల మాదిరిగా చివరిదాకా వుంటాయి. గంటకు 80 కిలోమీటర్ల దాకా పరుగెత్తగలవు. అంత పరుగు వాటికి ఎందుకు కావలసి వచ్చింది? చీతా తరిమేది కనుక. చీతా మన దేశంలో అంతరించిందని 1952లో ప్రకటించారు. 2022లో ఆఫ్రికానుంచి తెచ్చి మధ్యప్రదేశ్‌లో కొన్ని వదిలారు, కాని మన రోళ్లపాడు దరిదాపుల్లో లేవు. ఇక్కడ మిగిలింది తోడేలు ఒక్కటే, అదీ కొద్దిగానే. తినేది తగ్గితే తినబడేది పెరగడం మీరు ఆహారపు గొలుసు పాఠంలో చదివిందే.

ఇప్పుడు చట్టం. వన్యప్రాణుల రక్షణ చట్టం 1972లో వచ్చింది. జంతువులను అందులో షెడ్యూళ్లుగా విభజించారు. కృష్ణజింక మొదటి షెడ్యూలులో వుంది, అంటే పులి, ఏనుగు వున్న చోటే. మొదటి షెడ్యూలు జంతువును వేటాడడానికి అనుమతి ఇవ్వాలంటే అది మనిషి ప్రాణానికి ప్రమాదకరమై వుండాలి, లేదా బాగుపడని గాయమో రోగమో వుండాలి. అప్పుడు కూడా దాన్ని పట్టి వేరేచోటికి తరలించే వీలు లేదని ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి కారణాలు రాసిపెట్టాలి. పంట తిన్నదన్న కారణం చాలదు. జింక పప్పుశనగ తింటుంది గాని మనిషిని తినదు కదా! అడవిపంది మాత్రం రెండో షెడ్యూలులో వుంది. దాని విషయంలో "ఆస్తికి, నిలిచివున్న పంటకు" ప్రమాదమైనా చాలు, అధికారి అనుమతి ఇవ్వవచ్చు. కేరళ రాష్ట్రం 2022లో ఆ అధికారాన్ని గ్రామ పంచాయతీల స్థాయికి కూడా దించింది.

అంటే ఒకే నంద్యాల జిల్లాలో, ఆళ్లగడ్డ కొసన పడే పందికి ఒక న్యాయం, మిడ్తూరు కొసన పడే జింకకు ఒక న్యాయం. మా వెనకబెంచీ అబ్బాయికి ఇది వింతగా తోచింది. "పంట పోయినోడికి రెండూ ఒకటే గదా సార్" అన్నాడు. వాడన్నది నిజమే. కాని పంది ఒక ఈతలో నాలుగు, అయిదు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పిల్లలను పెడుతుంది. లేడి ఒక్క కూననే పెడుతుంది. ఒక మందనుంచి ఎన్నింటిని తీసినా మంద నిలుస్తుందనే లెక్క ఈ రెంటికీ ఒకటి కాదు. చట్టం రాసినవాళ్లు ఇదంతా లెక్కగట్టి రాశారో లేదో నేను చెప్పలేను గాని, లెక్క మాత్రం వుంది. రండి, వేద్దాం.

చింతగింజ ఒక లేడి. గులకరాయి ఒక ఇర్రి. నేలమీద 40 గింజలు, 20 రాళ్లు పరవండి. ఇది మన మంద, మొత్తం 60. నియమాలు రెండే. ఒకటి, సంవత్సరానికి ప్రతి పది లేళ్లకు ఆరు కూనలు బతికి పెద్దవవుతాయి, అందులో సగం ఆడ, సగం మగ. రెండు, ప్రతి పది పెద్ద జంతువులలో ఒకటి ముసలితనం వల్లనో, కుక్కల వల్లనో, రోగం వల్లనో చనిపోతుంది. ఇవి మన ఆటకోసం పెట్టుకున్న అంకెలు, అసలు మందలో ఏటేటా మారుతుంటాయి. లెక్క సులువుగా వుండడానికి ఈ ఏటి కూన వచ్చే ఏటికి తల్లి అవుతుందని కూడా అనుకుందాం. భిన్నాలు వస్తే దగ్గరి అంకె వేసుకోండి, కూనల సంఖ్య బేసి అయితే ఒకటి వదిలేయండి.

ఎవరూ వేటాడకపోతే? మొదటి సంవత్సరం 24 కూనలు. 12 గింజలు, 12 రాళ్లు కలపండి. 4 గింజలు, 2 రాళ్లు తీసేయండి. ఇప్పుడు 48 లేళ్లు, 30 ఇర్రులు. రెండో ఏడు చివరికి 57, 41. మూడో ఏడు చివరికి 68, 54. మొత్తం 122. మూడేళ్లలో మంద రెట్టింపు దాటింది! వడ్డీమీద వడ్డీ లెక్క ఎట్లా పెరుగుతుందో ఇదీ అట్లాగే.

ఇప్పుడు మళ్లీ 40, 20తో మొదలుపెట్టి, ఏటా పది ఇర్రులను వేటాడనిద్దాం. వేటకు వచ్చేవాడికి కావలసింది గోడకు తగిలించుకునే కొమ్ములు. కనుక ఎక్కడైనా ముందు మగదానిమీదనే గురి. మూడో ఏడు చివరికి చూడండి. ఇర్రులు 27 మిగిలాయి, లేళ్లు మాత్రం 68. ఎవరూ వేటాడనప్పుడు కూడా లేళ్లు 68! తుపాకి పేల్చినా పేల్చకపోయినా నాలుగో ఏడు పుట్టే కూనలు 40. ఒక ఇర్రి చాలా లేళ్లతో జతకడుతుంది కనుక కొన్ని ఇర్రులు పోయినంత మాత్రాన కూనలు తగ్గవు. మంద అనే యంత్రాన్ని తిప్పేది గింజలు గాని రాళ్లు కావు.

మూడోసారి, ఏటా పది ఇర్రులకు బదులు పది లేళ్లను తీయండి. మూడో ఏడు చివరికి 31 లేళ్లు, 44 ఇర్రులు, మొత్తం 75. నాలుగో ఏడు పుట్టే కూనలు 18 మాత్రమే. తీసినవి రెండుసార్లూ ముప్ఫయ్యే, కాని ఫలితం ఎంత తేడాగా వుందో చూశారా?

ఇప్పుడు మిజౌరీ వాళ్లు మగవాటికే ఎందుకు పర్మిట్ ఇచ్చారో మీరే చెప్పగలరు. వాళ్ల ఉద్దేశం మందను తగ్గించడం కాదు. పెరుగుతున్న మందకు దెబ్బ తగలకుండా కొందరికి వేట సరదా తీర్చి, ఆ పేరుతో వచ్చిన రుసుమును సంరక్షణకు వాడుకోవడం. అర్జీ పెట్టిన ప్రతివాడూ పది డాలర్లు కట్టాడు, పందొమ్మిది వేలమంది! అది ఒక రకం వేట. పంట నష్టం తగ్గించడానికి మందను కుదించే వేట మరో రకం. దానికి ఆడవాటిని తీయాలి. కెంటకీలో మంద బాగా పెరిగాక ఆడ ఎల్క్‌లకు కూడా పర్మిట్లు ఇచ్చారు. "పరిమిత వేట" అనే ఒకే మాట కింద ఈ రెండు పనులూ దాగి వున్నాయి. ఎవరైనా ఆ మాట అంటే, "ఏ రకం?" అని అడగడం మీ వంతు.

మా తరగతిలో ఒక చురుకైన అబ్బాయి ఇంకొక సంగతి కనిపెట్టాడు. ఏటా ఎనిమిది లేళ్లను తీస్తే? 40కి 12 కలిపి, 4 తీసి, 8 తీస్తే మళ్లీ 40. మరుసటి ఏడూ 40. లేళ్లు పెరగవు, తరగవు! "సార్, దొరికింది. ఎనిమిది!" అని వాడు గంతులేశాడు. నిజానికి శాస్త్రజ్ఞులు వెదికేది కూడా ఈ అంకెనే. మందకు వడ్డీ ఎంతో అంతే తీసుకోవడం, అసలు ముట్టుకోకపోవడం.

నేను వాడి చేతిలోని గింజలలో పదింటిని తీసి జేబులో వేసుకున్నాను. "ఇప్పుడు వేయి. నువ్వు నలభై అనుకున్నావు. నిజానికి వున్నవి ముప్ఫయ్యే. నీ లెక్క తప్పింది" అన్నాను. వాడు వేశాడు. మొదటి ఏడు చివరికి 28. రెండో ఏడు 25. మూడో ఏడు 21. ఆగకుండా దిగిపోతోంది. నలభై వున్నప్పుడు వడ్డీ మాత్రమే తిన్న ఎనిమిది, ముప్ఫై వున్నప్పుడు అసలును తింటోంది. తర్వాత కరువు సంవత్సరం పెట్టాం. కర్నూలు సీమకు కరువు కొత్త కాదు కదా. గడ్డి లేక పది లేళ్లకు రెండు కూనలే బతికాయనుకోండి. నలభై లేళ్ల మంద ఒక్క ఏడులో 32కు పడిపోయింది. వాడి ముఖం చిన్నబోయింది. అమెరికావాళ్లు రెండు వందల మందలో ఎనిమిదో పదహారో అనకుండా "అయిదు" అని ఎందుకు భయం భయంగా మొదలుపెట్టారో అప్పుడు వాడికి అర్థమైంది.

అంటే అంతా లెక్కపెట్టడం మీదనే ఆధారపడి వుంది. మరి జింకలను ఎట్లా లెక్కపెడతారు? అవి హాజరు పిలిస్తే పలకవు. ఒక పద్ధతి చెబుతాను. ఒక సరళరేఖలో 5 కిలోమీటర్లు నడవండి. కుడివైపు 200 మీటర్లు, ఎడమవైపు 200 మీటర్లు చూడగలిగారనుకోండి. మీరు చూసిన నేల 5 × 0.4 = 2 చదరపు కిలోమీటర్లు. అందులో 24 జింకలు కనబడితే చదరపు కిలోమీటరుకు 12. రోళ్లపాడు 6.14 చదరపు కిలోమీటర్లు కనుక 12 × 6.14, ఇంచుమించు 74. ఎంత తేలిక!

అంత తేలిక కాదు. మీరు నడిచిన దారి నీటిగుంట పక్కగా పోతే ఎక్కువ కనబడతాయి, మిట్టమధ్యాహ్నం పోతే తక్కువ కనబడతాయి. నల్లటి ఇర్రి కిలోమీటరు దూరానికి కూడా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. ఎండుగడ్డిలో పడుకున్న లేడి వంద మీటర్లలో వున్నా కనిపించదు. మనకు లెక్క కావలసింది లేళ్లది, కళ్లకు తగిలేది ఇర్రులు! పైగా జింకలకు అభయారణ్యం హద్దురాళ్లు తెలియవు. పొద్దున లోపల వున్న మంద సాయంత్రం పక్కవూరి చేలో వుంటుంది, రెండుచోట్లా లెక్కకు వస్తుంది. అందుకే ఒకే రోజు, ఒకే గంటలో, చాలామంది వేర్వేరు చోట్ల నిలబడి లెక్కించాలి. ఒక్కసారి కాదు, ఏటా.

సరే, మన దగ్గర నమ్మదగిన లెక్క వుందనే అనుకుందాం. లేళ్లనే తీశామని అనుకుందాం. మంద సగమైంది. మేనమామ చేనుకు నష్టం సగమవుతుందా? ఇక్కడే చాలామంది పొరబడతారు. పప్పుశనగ మార్గశిర, పుష్యమాసాల్లో పచ్చగా వుంటుంది. అప్పటికి బీళ్లలో గడ్డి ఎండి గరుకైపోయి వుంటుంది. మీరైతే పచ్చి కొత్తిమీరను వదిలి ఎండు చొప్ప నములుతారా? పచ్చదనం అక్కడ వున్నంత కాలం, నలభై జింకలు వచ్చే చోటికి ఇరవై వస్తాయి. ఇరవై జింకలు రెండెకరాల మొలకను గొరగడానికి రెండు మూడు రాత్రులు చాలు. గడ్డిబీడును ఆనుకుని వున్న చేనుకు నష్టం అంతే వుంటుంది. దూరపు చేలకు మాత్రం కొంత తగ్గుతుంది. మొదట్లో అక్కడ చేలు కూడా ఇంత దట్టంగా లేవు. రోళ్లపాడు చుట్టూ ఒకప్పుడు మైళ్లకొద్దీ బీళ్లు వుండేవి, తర్వాత అవి చాలావరకు సాగులోకి వచ్చాయి. జింక చేలోకి వచ్చిందని మనం అంటాం. చేను బీడులోకి వచ్చిందని జింక అంటుందేమో!

తుపాకి భయం మరో చిత్రం చేస్తుంది. వేట మొదలైన చోట ఎల్క్‌లు వేట లేని భూముల్లోకి చేరి దాక్కోవడం అమెరికాలో మామూలే. మన జింకలు కూడా పగలంతా అభయారణ్యంలో నిలిచి, చీకటి పడ్డాక చేలల్లోకి దిగితే కాపలాదారుకు పని పెరుగుతుందే గాని తగ్గదు. మా పందుల అబ్బాయి దీనికి వెంటనే తల వూపాడు. వాళ్ల వైపు పందులు ఇప్పటికే అట్లా చేస్తున్నాయట. పగలు సర్కారుతుమ్మ పొదల్లో పడుకుని, పన్నెండు దాటాక లేస్తాయి.

ఒకసారి కాల్చి వదిలేస్తే సరిపోతుందా అన్నదానికి బీహారు ఉదాహరణ వుంది. అక్కడ నీల్గాయిని, అంటే మన మనుబోతును, కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో ఒక సంవత్సరానికి పంటలకు హానిచేసే జంతువుగా ప్రకటించింది. 2016 జూన్‌లో మొకామా ప్రాంతంలో రెండు వందలకు పైగా కాల్చారు. కాల్చినవాళ్లు ఎక్కడినుంచి వెళ్లారనుకున్నారు? మన హైదరాబాదునుంచి! దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆ తర్వాతి సంవత్సరాలలో కూడా బీహారులో తుపాకులవాళ్లను మళ్లీ మళ్లీ పిలవవలసి వచ్చింది. గింజలాటలో మీరు చూసిందే ఇది. తీయడం ఆపిన మరునాటినుంచి మిగిలిన గింజలు మళ్లీ వడ్డీ పెడతాయి.

కాల్చకుండా పట్టుకుపోవచ్చు కదా అంటారు మీరు. జింకను పట్టడం కోడిని పట్టినట్లు కాదు. తరిమితే అది శక్తికి మించి పరుగెత్తుతుంది. కండరాలలో ఆమ్లం పేరుకుంటుంది, కండర కణాలు చిట్లి వాటిలోని పదార్థాలు రక్తంలోకి వస్తాయి, మూత్రపిండాలు, గుండె దెబ్బతింటాయి. పట్టిన రోజు బాగానే కనిపించి మూడోనాడు చనిపోయేవి కూడా వుంటాయి. అందుకని ఆఫ్రికాలో బోమా అనే పద్ధతి కనిపెట్టారు. గరాటు ఆకారంలో రెండు పొడవాటి గోడలు, వెడల్పు మూతి పొలంవైపు, ఇరుకు కొస లారీ వైపు. గోడలు ఇటుకవి కావు, వట్టి గుడ్డ లేదా ఆకుపచ్చ పట్టా. జింక తలచుకుంటే చీల్చుకుపోగలదు, కాని అవతల ఏముందో కనిపించకపోతే అది దూకదు, గోడ వెంబడే నడుస్తుంది. దాని కంటిని మోసం చేయడమే ఇందులో వున్న కిటుకు. మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ ప్రాంతంలో 2025 అక్టోబరులో రైతుల మొరమీద ఈ బోమా పద్ధతితో, హెలికాప్టరు సాయంతో ఎనిమిది వందలకు పైగా కృష్ణజింకలను పట్టి సంరక్షిత అడవులకు తరలించారు. ఖర్చు వుంది, నేర్పు కావాలి. పైగా తీసుకెళ్లి వదలడానికి గడ్డినేల కావాలి. మనకు కొరత దానికే.

ఇంకొక విచిత్రం చెప్పకుండా వుండలేను. మన కృష్ణజింకను 1930 దశకంలో అమెరికాలోని టెక్సస్‌కు తీసుకెళ్లి పశువుల క్షేత్రాలలో వదిలారు. అక్కడ అవి వేలల్లో పెరిగాయి. డబ్బు కట్టినవాళ్లు వాటిని నిక్షేపంగా వేటాడుకుంటారు. ఇటు పాకిస్తాన్‌లో అడవి జింక ఒక్కటి కూడా మిగలలేదు. 1970 దశకంలో వాళ్లు లాల్ సుహాన్రా అనే చోట మళ్లీ మందను పెంచడానికి జింకలను ఎక్కడినుంచి తెప్పించుకున్నారో తెలుసా? టెక్సస్‌నుంచి! పొరుగున సింధునది ఒడ్డున పుట్టిన జంతువు రెండు సముద్రాలు దాటి పుట్టింటికి వచ్చింది.

మరి మీ అభిప్రాయం ఏమిటి సార్ అని తరగతి నన్ను నిలదీసింది. వేట అన్నది ఎప్పుడూ పనికిరాదని నేను అనను. పందుల విషయంలో, ఇళ్లు లేని చోట, శిక్షణ వున్నవాళ్లచేత, రాతపూర్వకమైన అనుమతితో చేస్తే కాదనను. అంతకంటే కరెంటు తీగ లాగడం వెయ్యిరెట్లు ఘోరం. ఆ తీగకు పందీ, జింకా, ఎద్దూ, తెల్లవారుజామున నీళ్లు కట్టబోయే మనిషీ ఒకటే. మీ ఇళ్లలో ఎవరైనా ఆ మాట ఎత్తితే చేతులు పట్టుకుని ఆపండి. రోళ్లపాడు జింకల విషయంలో మాత్రం తుపాకి వద్దనే అంటాను. అక్కడ సంవత్సరం వెంట సంవత్సరం అందరూ ఒప్పుకునే లెక్క ముందు రావాలి. ఆ లెక్క తెమిలేదాకా మేనమామ వూరుకోవాలా? వూరుకోనక్కరలేదు. నష్టపరిహారం పంట కోతకొచ్చేలోపు చేతికి రావాలి, చేనుకు కంచె వేసుకోవడానికి సాయం రావాలి. రాష్ట్రమంతా గర్వపడే జంతువుకు మేత పెట్టే ఖర్చు మిడ్తూరు దగ్గర రెండెకరాల రైతు ఒక్కడే భరించడం ఏ లెక్క ప్రకారమూ సరికాదు. ఆ అమ్మాయి నా మాటతో పూర్తిగా ఏకీభవించలేదు. "లేళ్లనే తీస్తే, ఏటా లెక్కపెడితే, అప్పుడు తీయొచ్చు గదా సార్?" అంది. లెక్క పెట్టాక మాట్లాడదాం అన్నాను.

ఆ లెక్కకు మీరూ సాయపడవచ్చు. సంక్రాంతి సెలవుల్లో మిడ్తూరు, నందికొట్కూరు వైపు గాని, నారాయణపేట జిల్లా కృష్ణ, మాగనూరు వైపు గాని చుట్టాలింటికి పోతే, పొద్దు పొడిచిన తర్వాత ఒక గంటసేపు రోడ్డుమీదనే, పెద్దవాళ్ల తోడుగా నిలబడండి. చేలల్లోకి దిగవద్దు, అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోవద్దు, కేకలు వేయవద్దు. ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి. నల్ల ఇర్రులు, లేళ్లు, కూనలు. కొమ్ములు మొలిచి ఇంకా నల్లబడని పడుచు ఇర్రులను కూడా ఇర్రుల గడిలోనే వేయండి. చివర కూనల సంఖ్యను పదితో గుణించి లేళ్ల సంఖ్యతో భాగించండి. మన ఆటలో "ఆరు" అని ఊరికే పెట్టుకున్నామే, ఆ చోట రాయడానికి మీ సొంత అంకె వస్తుంది. మా ఇద్దరబ్బాయిలూ కిందటి సెలవుల్లో మేనమామ వూరికి వెళ్లి వరుసగా మూడు పొద్దులు నిలబడ్డారు. ఒకనాడు 4 వచ్చింది, ఒకనాడు 7, మూడోనాడు పొగమంచులో ఏమీ కనబడలేదు. మీ కాగితం మీద తేదీ, గంట, మంచు వుందో లేదో రాయడం మరువకండి.